పెట్టె అడుగున చీటీ

సూట్‌కేసుకి లోపలి గుడ్డ కుట్టేటప్పుడు మూడు వైపులూ కుట్టేసి నాలుగో వైపు వదిలేస్తారు. ఆ సందులోంచి అడుగు అట్టని లోపలికి తోసి, అరచేత్తో ఒకసారి నిమిరి, ముడత లేదని తేలాక నాలుగో వైపు మూసేస్తారు. తోయడానికీ మూయడానికీ మధ్య ఉండేది గట్టిగా పది క్షణాలు. ఆ పది క్షణాల్లోనే మూడో నెంబరు బల్ల ఆడవాళ్ళు ఆరుగురూ తమ కోరికల చీటీలు పెట్టె అడుక్కి జార్చేవాళ్ళు.

ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. అందరిలోకీ పెద్దదైన పెద్దక్క తాను ఫ్యాక్టరీలో చేరేనాటికే ఉందని చెప్పేది. "మనం ఎలాగూ ఈ గోడ దాటి ఎక్కడికీ పోం. పెట్టె పోతుందిగా. రైలెక్కుతుంది, ఓడెక్కుతుంది. మన కోరికన్నా నాలుగు ఊళ్ళు చూడనీ" అనేది. కొడుక్కి ఉద్యోగం రావాలని ఒకరు, మొగుడు మందు మానాలని ఒకరు, మోకాలి నొప్పి తగ్గాలని పెద్దక్క. వేలెడంత చీటీలో ఎంత పడితే అంత.

ఎవరి కోరికైనా రాసేది మాత్రం ఒక్కతే. ఆమెని అందరూ ఆఫీసరమ్మ అనేవాళ్ళు. ఇరవై మూడేళ్ళ పిల్ల. స్టూలు మీద కూర్చున్నా వీపు నిటారుగా ఉంటుంది, నోరు విప్పితే "కటింగు బల్ల వచ్చాక" అంటుంది. చెప్పులు తెగితే కటింగు బల్ల వచ్చాక కొంటుంది. పంటి నొప్పి చూపించుకునేది కటింగు బల్ల వచ్చాకే. ఇంకా రాని ఆ బల్ల మీద కత్తెర ఏ మూల పెట్టుకోవాలో, నీళ్ళ సీసా ఎక్కడ ఉంచాలో కూడా ఆమెకి ఖాయంగా తెలుసు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని పెద్దక్క ఆటపట్టించేది.

ఆశపడటంలో తప్పేమీ లేదు లెండి. కుట్టు హాలు కింద అంతస్తులో ఉంది, గాలి రాదు, జిగురు వాసన జుట్టుకి పట్టి తలంటుకున్నా వదలదు. కటింగు హాలు పైన ఉంది. గోడ పొడుగునా కిటికీ. అక్కడ కోసిన ప్రతి గుడ్డముక్క మీదా సుద్దతో సైజు, నెంబరు, కుడో ఎడమో రాసి కిందకి పంపుతారు. రెండేళ్ళ కిందట మెట్ల మీద కటింగు మాస్టరు ఈమెతో ఒక మాట అన్నాడు. "నా రాత నాకే అర్థం కాని వయసొచ్చిందమ్మా. ఎప్పుడో ఒక పిల్లని తీసుకుంటాను. లెక్క రావాలి, రాత ముత్యాల్లా ఉండాలి." ఆ రోజు నుంచి బల్లలో ఎవరి కోరికైనా తనే రాసింది. అక్షరాలు గుండ్రంగా, తలకట్టు పిట్ట ముక్కులా పైకి లేచి ఉండేలా. ఊళ్ళో వాళ్ళ కోరికలన్నీ ఆమె చేతిరాతకి సాధన అయిపోయాయి.

పక్క స్టూలు వానపిల్లది. ఏడాది పొడుగునా ఆమె కోరేది వాన ఒక్కటే కాబట్టి ఆ పేరు. ఎండాకాలమైనా సరే, "ఇవాళ మూడింటికి వాన పడాలని రాయవే" అనేది. వాన పడితే గోడౌనులోకి నీళ్ళొస్తాయి, కరెంటు తీసేస్తారు, మిషన్లు ఆగిపోతాయి, అందరూ వరండాలో నిలబడి చేతులు చాపి తడుపుకోవచ్చు.

"ఇదీ ఒక కోరికేనా? ఈ పెట్టె ఎవరో కొనుక్కుని ఇంటికి పట్టుకుపోయేసరికి నీ మూడు గంటలు ఎప్పుడో దాటిపోతాయి" అనేది ఆఫీసరమ్మ.

"దాటిపోతే పోనీ. మూడింటిదాకా పడుతుందేమోనని చూస్తూ ఉంటాగా. అదంతా నాదే."

"జీవితంలో ఏమవ్వాలని ఉందే నీకు?"

"ఇరవై రెండేళ్ళున్నాయిగా, చాలవా? ఇంకా ఏమవ్వాలి?"

వాళ్ళమ్మా తనూ ఒక్క గదిలో ఉంటారు. తల్లి మంచం దిగలేదు. ఆ సంగతి ఎవరైనా అడిగితే తప్ప చెప్పేది కాదు. ప్రతి శనివారం సాయంత్రం గేటు దగ్గర మాత్రం ఒకటే మాట. "రేపు పార్కు చెరువులో పడవెక్కుదామా?"

"కటింగు బల్ల వచ్చాక. పడవ ఎక్కడికి పోతుంది?" అనేది ఆఫీసరమ్మ. ఆదివారాలు ఇంట్లో కూర్చుని పాత పేపర్ల మీద అంకెలు దిద్దేది.

బడి మొహం సరిగ్గా చూడని వానపిల్లకి ఏడాదిగా ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. భోజనాల వేళ ఆఫీసరమ్మ రాసి పాడుచేసిన చీటీలు ఏరుకుని, వాటి కిందే చూసి రాసేది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పెన్ను విరిగిపోయేంత గట్టిగా పట్టుకుని. ముందు తన పేరు, తర్వాత "వాన", తర్వాత అందరి కోరికలూ. అలా రాత నేర్చుకుంది.

సోమవారం పదకొండింటికి సూపర్‌వైజరు మూడో నెంబరు బల్ల దగ్గరికొచ్చి మిషన్లు ఆపమన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో చీటీ. అంత దూరం నుంచి కూడా ఆఫీసరమ్మ తన తలకట్లు గుర్తుపట్టింది.

"ఎవరో పెట్టె కొన్నాడట. అడుగు గుడ్డ చిరిగితే ఇది బయటపడిందట. లోపల ఇంకా ఏమేం ఉన్నాయోనని పెట్టె వెనక్కిచ్చేశాడు. యజమాని గారు సాయంత్రానికి నాకు పేరు కావాలన్నారు." అని గొంతు సవరించుకున్నాడు. చదవకపోతే కుదరదు కాబట్టి చదివాడు. "ఇవాళ మూడింటికల్లా సూపర్‌వైజరుకి కడుపునొప్పి రావాలి. వాన కూడా పడాలి."

చివర కూర్చున్న పొట్టిపిల్ల ముక్కు మూసుకుని తల బల్ల కిందకి దించేసింది. పెద్దక్క దారం ఎక్కించుకుంటూ సూది వైపే చూసింది.

"ఎవరిదిది?"

కోరిక ఎవరిదో ఆరుగురికీ తెలుసు. రాసిందెవరో కూడా ఆరుగురికీ తెలుసు.

"సరే, అందరూ రాయండి" అని ఆఫీసు నుంచి తెచ్చిన తెల్ల కాగితాలు పంచాడు. "నేను చెప్పింది రాయండి. ఇవాళ మూడింటికల్లా..." అని ఆగాడు. తన కడుపునొప్పి తానే చెప్పి రాయించాలని అప్పుడు తట్టినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా కానిచ్చాడు.

ఆఫీసరమ్మ పెన్ను తెరిచింది. ఈ వారంలోనే మాస్టరు పిల్లని ఎంచుకుంటాడని మొన్ననే మెట్ల దగ్గర విన్నది. రెండేళ్ళు ఆగింది, నాలుగు రోజులు ఆగలేదా? పెన్ను రెండు వేళ్ళ మధ్యకి మార్చి పట్టుకుంది. అక్షరాలు ఎడమకి వాల్చింది, సున్నాలు నొక్కేసింది, తలకట్లు అడ్డగీతల్లా లాగింది. ఒక్క వాక్యం రాసేసరికి చంకలు తడిసిపోయాయి.

"నాకు చేతకాదు సార్, వేలిముద్ర వేస్తాను" అంది పెద్దక్క.

"వెయ్యి." సూపర్‌వైజరు వానపిల్ల వైపు తిరిగాడు. "నీకూ రాదు కదూ? నువ్వూ ముద్ర వేసెయ్."

"రాదని ఎవరన్నారు సార్? వచ్చు" అంది వానపిల్ల. కాగితం తన వైపు లాక్కుంది.

ఆఫీసరమ్మకి తెలిసింది. వెంటనే తెలియలేదని తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకుంది గానీ, అప్పుడే తెలిసింది. వానపిల్ల నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మొదటి అక్షరం మీద తలకట్టు పైకి లేపినప్పుడే, ఆ పిల్లకి తన రాత తప్ప వేరే రాత లేదని తెలిసిపోయింది. బల్ల కింద ఇద్దరి పాదాలూ జానెడు దూరంలో ఉన్నాయి. ఒక్కసారి తొక్కితే చాలు. తొక్కితే తల ఎత్తి "ఏంటే?" అంటుంది, సూపర్‌వైజరు చూస్తాడు. ఆఫీసరమ్మ పాదం కదపలేదు.

వానపిల్ల చివరి చుక్క పెట్టి, కాగితం కాస్త దూరంగా పట్టుకుని చూసుకుని, చెవి దగ్గరికి వంగింది. "చూశావా, అచ్చం నీలాగే వచ్చింది."

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. వానపిల్ల కొంగు దులుపుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. అద్దం తలుపు వెనక నుంచి మాటలు వినపడవు, వీపు మాత్రం కనపడుతుంది. ఆఫీసరమ్మ కుడుతున్న పెట్టెకి జేబు తలకిందులుగా పడింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ తలకిందులుగానే పడింది. నా పేరు చెబుతుంది, చెప్పకుండా ఎలా ఉంటుంది, నేనైతే చెప్పనా అనుకుంది. చెబితే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది.

పావుగంటలో వానపిల్ల బయటికొచ్చింది. స్టూలు మీద తను కుట్టుకున్న దిండు తీసుకుంది. భోజనం డబ్బా తీసుకుంది.

"ఏమన్నారే?" అడిగింది పెద్దక్క.

"ఇంక రావద్దన్నారు. కోరికా నాదే, రాతా నాదే అని చెప్పేశా. కోరిక నాదేగా మరి." నవ్వబోయింది గానీ నవ్వు సరిగ్గా కుదరలేదు. ఆఫీసరమ్మ వైపు తిరిగింది. "కాగితాలన్నీ బల్ల మీద పరిచి పెట్టాడు. నీదీ చూశాను. చేతికి దెబ్బేమైనా తగిలిందా?"

ఆ ప్రశ్న నిజంగా అడిగిందో ఎత్తిపొడిచిందో ఆఫీసరమ్మకి తెలియలేదు. ఆ మొహంలో వెతికినా దొరకలేదు. "లేదు" అంది.

"సరే. నీ బల్ల సంగతి చూసుకో" అని డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పటికింకా తొమ్మిదిన్నర కాలేదు.

ఆ రోజూ మర్నాడూ మూడో నెంబరు బల్లలో మాటలు తక్కువ. ఎవరూ ఆఫీసరమ్మని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నాలుగు తిట్టుకుని ఏడ్చేసేది. మంచినీళ్ళు అడిగితే సీసా అందించారు, కత్తెర అడిగితే కత్తెర అందించారు. బుధవారం భోజనాల వేళ పెద్దక్క మాత్రం డబ్బా మూత బిగిస్తూ అంది. "ఎవరి కూడు వాళ్ళది తల్లీ. నిన్ను అనేందుకు నేనెవర్ని? నేనూ నోరు మూసుకున్నదాన్నే." ఆ మాటతో ఊరట కలుగుతుందని అన్నదేమో గానీ కలగలేదు.

ఆఫీసరమ్మ ఒకటే పట్టుకుని వేలాడింది. బల్ల వస్తుంది. బల్ల వచ్చాక మాస్టరు చెవిలో వేసి వానపిల్లని మళ్ళీ పనిలోకి తెప్పించాలి. కటింగు హాల్లో ఊడ్చే పనైనా సరే. ముందు తను పైకెక్కితేనే కదా ఒకరికి చెయ్యందించేది. ఇలా అనుకున్నప్పుడల్లా కాస్త ఊపిరాడేది.

గురువారం మధ్యాహ్నం కటింగు మాస్టరు కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని కిందకి దిగాడు. వెనకాలే సూపర్‌వైజరు, చంకలో రిజిస్టరు. దాని అట్టకి గుండుసూదితో గుచ్చిన చీటీ అలాగే ఉంది. మాస్టరు చేతిలో నాలుగైదు తెల్ల కాగితాలు ఉన్నాయి. ఆఫీసరమ్మ వాటిని చూసింది. వాటిలో ఎడమకి వాలిన తన రాత కనపడింది.

"మళ్ళీ వేరే పరీక్ష ఎందుకు, మొన్న రాసినవి ఉన్నాయిగా అని ఈయన ఇచ్చాడు" అన్నాడు మాస్టరు. కడుపునొప్పి సంగతి చదివి నవ్వుకున్నట్టున్నాడు, మీసం కింద ఇంకా కాస్త మిగిలి ఉంది. ఒక కాగితం పైకి తీశాడు. "ఇది రాసినమ్మాయి ఎక్కడ? నాకీ పిల్ల కావాలి."

సూపర్‌వైజరు దగ్గాడు. "ఆ అమ్మాయిని మొన్న తీసేశాం సార్. చీటీ పెట్టింది ఆ అమ్మాయే."

"అరెరే. ఇంత చక్కటి రాత." మాస్టరు కాగితాన్ని ఇంకాసేపు పట్టుకుని చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆఫీసరమ్మ వైపు చూశాడు. "నిన్నే తీసుకుందామనుకున్నానమ్మా. రెండేళ్ళుగా మెట్ల దగ్గర కాపు కాస్తున్నావు. ఇది చూసి ఆగిపోయాను." ఆమె కాగితం ఆమె ముందే పెట్టాడు. "కోడి కెలికినట్టుంది. నువ్వు కుడి అని రాస్తే వీళ్ళు ఎడమకి కుడతారు."

"నేను బాగా రాస్తాను సార్" అంది ఆఫీసరమ్మ. "ఆ రోజు... కంగారులో రాశాను."

"అలాగా. అయితే ఇప్పుడు రాయి." జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. బల్ల మీద పడున్న నల్ల లైనింగు ముక్కని చేత్తో సాపు చేశాడు. "కుడి అని రాయి చాలు."

సుద్ద చల్లగా ఉంది. రెండేళ్ళు దేనికోసం దిద్దిందో ఆ పదం. కళ్ళు మూసుకుని రాయగలదు. పక్కనే సూపర్‌వైజరు, అతని చంకలో రిజిస్టరు, దాని మీద చీటీ. ఆ చీటీలోనూ గుడి మీద గుడి, తలకట్టు మీద తలకట్టు ఆమెవే. బల్ల చుట్టూ నలుగురూ మిషన్లు ఆపేశారు. ఒక్క పదం బాగా రాస్తే మాస్టరుకి పిల్ల దొరుకుతుంది, సూపర్‌వైజరుకి దొంగ దొరుకుతుంది. పెద్దక్క మొదటిసారి తల ఎత్తి ఆమె వైపు సూటిగా చూసింది. రాయమనో వద్దనో ఆ చూపులో ఏమీ లేదు, ఏం చేస్తుందో చూద్దామన్నట్టు మాత్రం ఉంది.

ఆఫీసరమ్మ సుద్దని రెండు వేళ్ళ మధ్యకి మార్చి పట్టుకుంది. ఎడమకి వాల్చి రాసింది.

"వద్దులే తల్లీ" అన్నాడు మాస్టరు జాలిగా. "అందరికీ అన్నీ రావు. నువ్వు కుట్టు బాగా కుడతావట, అదే చూసుకో." మిగిలిన కాగితాల్లోంచి పొట్టిపిల్లది తీశాడు. పొట్టిపిల్ల రెండేళ్ళలో ఒక్కసారి కూడా కటింగు బల్ల మాట ఎత్తి ఎరగదు. "నేనా?" అంది భయంగా. డబ్బా తీసుకుని మాస్టరు వెనకాల మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెద్దక్క ఆ నల్ల ముక్కని తీసుకుని సుద్ద దులిపింది. పనికొచ్చే ముక్కే, పారేయడం ఎందుకని జేబు కింద వేసి కుట్టేసింది. సరిగ్గా మూడింటికి పైకప్పు రేకు మీద చినుకులు మొదలయ్యాయి. కరెంటు తీసేశారు. అందరూ లేచి వరండాలోకి వెళ్ళారు. ఆఫీసరమ్మ చీకట్లో స్టూలు మీదే కూర్చుంది. ఇకమీదట సంతకం దగ్గర్నుంచీ ప్రతి అక్షరం ఆ వంకర రాతలోనే రాయాలి గామోసు అనుకుంది.

సాయంత్రం వాన వెలిశాక ఆఫీసరమ్మ వానపిల్ల ఇంటికి బయల్దేరింది. నిజం చెప్పేయాలని బయల్దేరింది. పాదం కదపని సంగతి, సుద్దముక్క సంగతి, అన్నీ. తిడితే పడాలి, కొడితే పడాలి. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది.

గది ముందు మెట్టు మీద కూర్చుని తల్లి దుప్పటి పిండుతోంది వానపిల్ల. ఆఫీసరమ్మని చూడగానే లేచి చేతులు తుడుచుకుంది. ఆత్రంగా అడిగింది.

"బల్ల వచ్చిందా?"

తెచ్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. వానపిల్ల మొహంలో ఆ ఎదురుచూపు ఆఫీసరమ్మ ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ మూడింటి వాన కోసం తప్ప దేనికీ ఎదురు చూడని పిల్ల, మూడు రోజులుగా ఒకే సంగతి కోసం కాచుకుని ఉన్నట్టుంది.

"వచ్చింది" అంది.

"హమ్మయ్య." వానపిల్ల మెట్టు మీద కూలబడింది. "నా ఉద్యోగం ఊరికే పోలేదన్నమాట. ఇటు ఇదీ పోయి అటు అదీ రాకపోతే ఎలాగా అని నిద్ర పట్టలేదే." కళ్ళు తుడుచుకుంది. "తెలిసే ఊరుకున్నావని నాకు తెలుసు. మొదట్లో కోపమొచ్చింది, అబద్ధం ఎందుకు? తర్వాత అనుకున్నాను, నాకు కావాల్సింది ఏముంది, నీకైతే ఒకటుంది కదా అని. చెప్పు, ఎలా ఉంది పైన?"

ఆఫీసరమ్మ పక్కన కూర్చుంది. చెప్పింది. కిటికీ గోడ పొడుగునా ఉందని, పొద్దున్న వెలుగు ఎడమ వైపు నుంచి పడుతుందని, కత్తెర కుడి మూలన పెట్టుకున్నానని, నీళ్ళ సీసా కాళ్ళ దగ్గర కాదు, కిటికీ గట్టు మీద పెట్టానని. ఎక్కడా తడబడలేదు. రెండేళ్ళుగా కంఠతా పట్టిందే కాబట్టి ఒక్క మాట కూడా కొత్తగా కల్పించక్కర్లేకపోయింది. చెబుతుంటే అంతా అయిపోయినట్టే ఉంది. ఇంక కోరుకోవడానికి కూడా ఏమీ మిగలనట్టుంది.

"ఎండ పడుతుందా బల్ల మీద?"

"పడుతుంది."

లోపల మంచం మీద నుంచి తల్లి మూలిగింది. వానపిల్ల లోపలికి వెళ్ళి పక్కకి తిప్పి వచ్చింది. "ఆదివారం మేం వెళ్ళిపోతున్నాం. పెద్దనాన్న వాళ్ళ దగ్గరికి. ఇక్కడ గది ఉంచుకోలేం ఇంక" అంది. "వాళ్ళింట్లో పని చేసిపెట్టాలిలే. అమ్మని చూస్తామన్నారు, అదే చాలు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఏమో." దుప్పటి రెండో కొస ఆఫీసరమ్మకి అందించింది. ఇద్దరూ చెరో వైపూ పట్టుకుని పిండారు. నీళ్ళు మెట్ల మీద నుంచి కాలవలోకి పోయాయి.

"రేపు పడవెక్కుదామా?" అంది ఆఫీసరమ్మ. అడగడం తనకే వింతగా ఉంది. "పొద్దున్నే. నువ్వూ నేనూ. రేపు నేను సెలవు పెడతాను."

వానపిల్ల చేతులు ఆగాయి. ఒక్క క్షణం మొహం వెలిగింది, ఆ వెలుగు ఆఫీసరమ్మ స్పష్టంగా చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"పిచ్చిదానా, కొత్త బల్ల దగ్గర రెండో రోజే సెలవా? మాస్టరు ఏమనుకుంటాడు? బుద్ధిగా పనికి వెళ్ళు." దుప్పటి దులిపి తాడు మీద ఆరేసింది. అంచులు సరిచేసింది. "నేనెప్పుడైనా ఇటు వస్తే అప్పుడు ఎక్కుదాంలే. పడవ ఎక్కడికి పోతుంది?"